నా చేతి వంట రాత్రి దాకా ఎందుకు నిలవడం లేదు?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 34. అమీర్‌పేటలో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. ఇంట్లో భర్త, ఏడేళ్ల బాబు, అత్తగారు. మామగారు పోయాక, రెండేళ్ల కిందట అత్తగారు సిద్దిపేట దగ్గరి ఊరు వదిలి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. ఈమె తెల్లవారి ఐదున్నరకు లేచి అన్నం, పప్పు, ఒక కూర వండి, డబ్బాలు కట్టి ఎనిమిదింటికి ఇల్లు కదులుతారు. తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. భర్త ఆరున్నరకే వస్తారు. పొద్దున వండిందే రాత్రికీ. గిన్నెలు వంటగది గట్టు మీదే ఉంటాయి. "ఫ్రిజ్‌ల పెట్టింది తింటే రోగాలొస్తయి" అని అత్తగారు లోపల పెట్టనివ్వరు. ఎండలు ముదిరినప్పటి నుంచి రాత్రికి పప్పు పులిసిపోతోంది, అన్నం జిగురొస్తోంది. వారంలో మూడు రోజులు పారబోయక తప్పడం లేదు.

పారబోసినప్పుడల్లా ఒక మాట పడాలి. "బుట్టల పచ్చి కూరగాయ నాలుగు దినాలుంటది. పొయ్యి మీద ఉడికింది ఒక్క పూట ఉండదా? నీ చెయ్యే అసొంటిది." తన కాలంలో రాత్రి మిగిలిన సద్ది పొద్దున తిని పొలానికి పోయేవాళ్లమని, ఎవరికీ ఏమీ కాలేదని కూడా అంటారట. పోయిన నెల చుట్టాలింట్లో దావత్‌లో పదిమంది ముందు "మా కోడలి వంట పొద్దుగూకేదాక నిలవదు" అన్నారు. అదే వారంలో, పొద్దుటి అన్నంలో గుడ్డు కొట్టి రాత్రి ఫ్రైడ్ రైస్ చేసి పెడితే, రెండు గంటల్లో బాబుకు వాంతులయ్యాయి. తెల్లారేసరికి తేరుకున్నాడు. భర్తకు చెప్పుకుంటే "చిన్న విషయం, పట్టించుకోకు" అన్నారు. ఆమె అడిగినవి మూడు. పచ్చివి నిలిచి, వండినవి ఎందుకు పాడవుతాయి? నా చేతిలో నిజంగా ఏదైనా దోషం ఉందా? ఉద్యోగం మానేస్తే ఇదంతా సర్దుకుంటుందా?

అమ్మా,

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర మీరు రెండుసార్లు రాసి కొట్టేశారు. మీ చేతిలో ఏ దోషమూ లేదు. మే నెల హైదరాబాద్‌లో పొద్దున ఆరింటికి దించిన పప్పు రాత్రి తొమ్మిదింటి దాకా గట్టు మీద ఉంటే, ఎవరు వండినా పులుస్తుంది. పదిహేను గంటలు! ఉత్తరం మొత్తం చదివాక నా మనసులో నిలిచిపోయింది ఆ లెక్కే. మీ ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కపెట్టినట్టు లేదు.

అయితే మీ అత్తగారు వేసిన ప్రశ్న మంచి ప్రశ్న. పచ్చిది నిలుస్తుంటే నిప్పు మీద కాగింది నిలవకపోవడమేమిటి? ఇరవై ఏళ్లు హోంసైన్స్ పాఠాలు చెప్పాను, మొదటి వారంలోనే ఎవరో ఒక పిల్ల ఈ ప్రశ్న అడగకుండా ఉండేది కాదు. కోపంతో కొట్టిపారేయకుండా దీనికి సరైన జవాబు తెలుసుకోండి, రేపు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మీ బుట్టలోంచి ఒక ఆలుగడ్డ తీసి చేతిలో పట్టుకోండి. అది ఇంకా బతికే ఉంది. మెల్లగా గాలి పీల్చుకుంటోంది. కన్నుల దగ్గర మొలక ఎత్తడానికి కాచుకుని ఉంటుంది. తవ్వేటప్పుడు గీసుకున్న చోట గట్టి పొర కట్టి, తన గాయం తనే మాన్పుకుంటుంది. పైన తోలు, లోపల లక్షల చిన్న చిన్న గదులు, ఒక్కో గదికి గోడ. నీళ్లూ పిండీ అన్నీ ఆ గదుల్లోనే మూసి ఉంటాయి. క్రిమి వచ్చి వాలినా లోపలికి దారి దొరకదు. ఇప్పుడు దాన్నే ఉడికించి, తోలు తీసి, వేళ్లతో చిదమండి. గోడలను పట్టి ఉంచిన జిగురు కరిగిపోయింది, గదులు ఊడిపోయాయి, పిండి నీళ్లు తాగి ఉబ్బింది. మనం ఉడికించేదే మెత్తబడి తొందరగా అరగాలని. మనకు తొందరగా అరిగేది క్రిములకూ అంతే సులువుగా అరుగుతుంది. ప్రాణం పోయింది కాబట్టి ఇక అది తనను తాను కాపాడుకోలేదు.

బియ్యం సంగతి కొంచెం వేరు. అక్కడ కాపాడేది ఎండు. బియ్యంలో నీరు నూటికి పన్నెండు పద్నాలుగు పాళ్లే. ఆ కాస్త తడితో ఏ క్రిమీ పెరగలేదు, అందుకే బస్తా ఏడాది ఉంటుంది. అన్నమయ్యాక దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే. కందిపప్పూ అంతే, డబ్బాలో ఉన్నన్నాళ్లు రాయి, ఉడికాక మాంసకృత్తులు నిండిన జావ. గుడ్డు చూడండి. పచ్చి గుడ్డు పెంకు మీద కంటికి కనపడని పూత ఉంటుంది, తెల్లసొనలో క్రిములను చంపే పదార్థం ఉంటుంది. ఉడికిస్తే ఆ పూత పోతుంది, ఆ పదార్థం పనిచేయదు. పచ్చి గుడ్లు ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటాయి, ఉడికించినవి మాత్రం వారం దాటనివ్వకూడదు.

మరి నిప్పుకు క్రిములన్నీ చావవా అంటారు. చాలావరకు చస్తాయి. కొన్ని మాత్రం విత్తనం లాంటి గట్టి గుల్ల కట్టుకుని లోపల దాక్కుంటాయి. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి మట్టిలోంచి వడ్లకు, వడ్లలోంచి బియ్యానికి వస్తుంది. దాని విత్తనాలు అన్నం ఉడికే వేడికి చావవు. అన్నం చల్లారి గోరువెచ్చగా అయ్యేసరికి అవి నిద్రలేస్తాయి. అప్పటికి గిన్నెలో పోటీకి వచ్చే మిగతా క్రిములన్నీ చచ్చిపోయి ఉంటాయి. దున్ని, నీళ్లు పెట్టి, కలుపు తీసిన మడి అనుకోండి. ముందు పడ్డ గింజదే పంట. గాలిలోంచి, గరిటెలోంచి, చేతిలోంచి కొత్తగా వచ్చినవాటికీ అదే మడి. ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపయ్యే క్రిమి ఒక్కటి ఉందనుకుంటే, గంటకు ఎనిమిది, ఏడు గంటలకు 20 లక్షలు దాటుతాయి. వండినది 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్నంతసేపూ ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. మామూలుగా రెండు గంటలు దాటనివ్వొద్దంటారు, బయట 32 డిగ్రీలు మించితే ఒక్క గంటే. మన మే నెలలో వంటగది ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. పచ్చి పాలు మధ్యాహ్నానికి విరుగుతాయి, కాచినవి నిలుస్తాయి. పచ్చి కోడిమాంసం కంటే వండిన కూరే ఎక్కువసేపు ఉంటుంది. వాటికి తోలూ లేదు, ఎండూ లేదు, ముందు నుంచే క్రిములుంటాయి, అందుకని నిప్పు వాటికి మేలు చేస్తుంది. జీవితమంతా పాలు కాచిన మనిషి "ఉడికింది గట్టిగా నిలవాలి కదా" అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ మాట ముందు ఒప్పుకుని, తర్వాత ఆలుగడ్డ సంగతి చెప్పండి. వినే అవకాశం పెరుగుతుంది.

ఇక ఆమె చేతి వంట నిలిచేదనడం కూడా అబద్ధం కాకపోవచ్చు. మీ ఉత్తరంలో ఒక వివరం మీరు మామూలుగా రాసి వదిలేశారు. బాబు కోసం కారం, పులుపు తగ్గించారు. బీన్స్‌లో కొబ్బరి వేస్తారు, పప్పు ఉత్తగా చేస్తారు. ఆమె ఏం వండేవారు? వంకాయ పులుసు, పుంటికూర, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. చింతపండు పులుపులో చాలా క్రిములు ఎదగలేవు. ఉప్పూ నూనే దండిగా పడితే ఇంకా కష్టం. ప్రయాణానికి పులిహోర నప్పేది అందుకే. తురిమిన కొబ్బరి మాత్రం అన్నిటికంటే ముందు పాడవుతుంది, ఉడికించకపోయినా తురమడంతోనే గోడలన్నీ తెగిపోతాయి. తేడా చేతుల్లో లేదమ్మా, కూరల్లో ఉంది. పైగా ఊళ్లో పొద్దుటి వంట పొద్దుటికే అయిపోయేది, రాత్రికి మళ్లీ పొయ్యి వెలిగేది. ఆమె కూరను ఎవరూ పదిహేను గంటలు నిలవమని అడగలేదు.

మీ అత్తగారు చెప్పిన సద్ది సంగతికి వద్దాం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి, మట్టి కుండలో పెట్టి, తెల్లవారగానే ఉల్లిగడ్డ నంజుకుని తినేవాళ్లు. మజ్జిగలోని క్రిములు ముందుగా పెరిగి అన్నాన్ని పుల్లగా చేస్తాయి, ఆ పులుపు మిగతావాటిని అణచిపెడుతుంది. కుండ చెమర్చి చల్లగా ఉంటుంది. అదొక పద్ధతి. వేడి అన్నం స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించడం దానికి పూర్తిగా ఎదురు. నేనూ పెళ్లయిన కొత్తలో అలా డబ్బా కట్టుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కాను. కాజీపేట దాటాక మూత తీస్తే లోపలి వైపంతా నీటి బొట్లు, ఒక్కొక్కటే అన్నం మీదికి జారుతున్నాయి. మధ్యాహ్నానికి మెతుకు పట్టుకుంటే తీగ సాగింది.

బాబు వాంతుల విషయం జాగ్రత్తగా వినండి. ఉత్తరం చూసి ఇదే కారణమని తేల్చి చెప్పలేను, కానీ మీరు రాసిన సమయం సరిపోతోంది. బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ ఒక విషాన్ని వదులుతుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులవుతాయి, సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతాయి. తర్వాత ఎంత వేయించినా, ఎంత మరిగించినా క్రిమి చస్తుంది గానీ ఆ విషం పోదు. 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. దానికి వాసన కూడా ఉండదు. మీ అత్తగారు మూత తీసి వాసన చూసి "బాగానే ఉంది" అంటారని రాశారు. పులిసిన పప్పు ముక్కుకు దొరుకుతుంది, ఈ విషం దొరకదు. పాచిపోవడం వేరు, విషమవడం వేరు.

చేతి గురించి ఒక్క మాట చెప్పాల్సినది ఉంది. చేతుల నుంచి, ముక్కు నుంచి కూడా క్రిములు వంటలోకి వస్తాయి. కోసుకున్న వేలు, రుచి చూసి మళ్లీ ముంచిన గరిటె, తడి చెంచా, వీటివల్ల వంట తొందరగా చెడుతుంది. ఇది మీకూ, నాకూ, మీ అత్తగారికీ, మీ వారికీ సమానం. సబ్బుతో కడుక్కుంటే పోయేది ఎవరి నొసటి రాతా కాదు.

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం. ప్రతి దారిలోనూ కొంత ఇబ్బంది ఉంది, అది కూడా చెబుతాను.

మీ ఒక్కరి చేతిలో ఉన్న దారి, రాత్రి వాటాను పొద్దున్నే విడదీయడం. వంట కాగానే రాత్రికి కావలసిన అన్నం వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. పప్పు, కూర చిన్న గిన్నెల్లోకి తీయండి. పెద్ద గిన్నె నడుమ వేడి గంటల తరబడి అలాగే ఉంటుంది. అరగంటలో ఆవిరి పోతుంది. మీరు ఇల్లు కదిలేలోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రి ఎంత కావాలో అంతే తీసి, పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడి చేయండి. మీ అత్తగారు ముట్టుకునే పని లేదు. ఇబ్బంది ఏమిటంటే, ఫ్రిజ్‌లో అన్నం బిరుసెక్కుతుంది. చల్లబడ్డప్పుడు పిండి మళ్లీ గట్టిపడుతుంది. నీళ్లు చిలకరించి ఆవిరి మీద పెడితే చాలావరకు మెత్తబడుతుంది. అయినా ఆమె తినకపోవచ్చు. తినకపోతే ఆమెకు ఒక్క గ్లాసు బియ్యం వేరే వేయండి, వాదన వద్దు. ఫ్రిజ్ రోగాలు పుట్టించదని, క్రిములను నిద్రపుచ్చుతుందని మాత్రం చెప్పండి. చంపదు కాబట్టి, ఆలస్యంగా పెట్టినవాటిని అది బాగు చేయలేదు.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. మీ అత్తగారు మధ్యాహ్నం ఒంటిగంటకు తినేది కూడా ఏడు గంటల కిందట వండిందే. పెద్ద వయసు, ఆ అన్నమూ గట్టు మీదే ఉంటోంది. మీ ఉత్తరంలో ఆ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో బియ్యం కడిగి నీళ్లు పోసుకుని పన్నెండున్నరకు మీట నొక్కడం ఆమెకు కష్టం కాకపోతే అదే మంచిది. లేదా కుక్కర్‌ను వేడిగా ఉంచే మీట మీదే వదిలేయండి. 60 డిగ్రీల పైన ఉంటేనే దానికి అర్థం, చేయి పెడితే గోరువెచ్చగా ఉందంటే అన్నిటికంటే చెడ్డ స్థితి.

రెండో దారి మీ వారిది. ఆయన ఆరున్నరకు ఇంట్లో ఉంటారు, మీరు ఎనిమిదింటికి వస్తారు. ఆ గంటన్నరలో అన్నం, పప్పు ఉడికిపోతాయి. నాలుగు పేజీల్లో ఈ ఆలోచన మీకు ఒక్కసారి కూడా రాలేదు, ఆయనకూ రాలేదు. మీరు రాత్రి కూర తరిగి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచవచ్చు. తరిగినవి కూడా గోడలు తెగినవే, మర్నాడు వాడేయాలి. కొడుకు పొయ్యి దగ్గర నిలబడటం తల్లికి నచ్చకపోవచ్చు, ఆ కోపం తిరిగి మీ మీదికే రావచ్చు. అందుకని ఆ మాట ఆమెతో ఆయనే చెప్పాలి, మీరు ఇంట్లో లేనప్పుడు చెబితే ఇంకా మంచిది. ఆయనతో చేతి మాట గురించి, దావత్ గురించి మొదలుపెట్టకండి, మళ్లీ చిన్న విషయమే అంటారు. బాబు వాంతుల నుంచి మొదలుపెట్టండి. వారంలో మూడు రోజులు పారబోసేది నెలకు ఎంతవుతుందో లెక్క రాసి చూపించండి. లెక్కలు మీ వృత్తి.

మూడోది, ఎండాకాలం నాలుగు నెలలు వంట మార్చుకోవడం. కొబ్బరి కూరలు, ఉత్త పప్పు సెలవు రోజులకు, పని రోజుల్లో పులుసులు, పుంటికూర, టమాట తొక్కు. పులిసేది తగ్గుతుంది. పచ్చిపులుసు ఎలా కలపాలో మీ అత్తగారినే అడగండి. ఊరూ, ఇల్లూ, భర్తా, పొయ్యీ అన్నీ పోయి పరాయి వంటగదిలో కూర్చున్న మనిషి ఆమె, తన వంట గొప్పదని చెప్పుకోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదు. మిమ్మల్ని పదిమందిలో అన్నది తప్పు, దానికి నేను సాకు వెతకడం లేదు. కానీ అడిగి నేర్చుకున్న కూర మీద ఆమె చేతి మాట అనలేరు. ఇబ్బంది, బాబుకు రోజూ ఆ పులుపు పడకపోవచ్చు, అన్నం సమస్య అలాగే ఉంటుంది. పులుసుకైనా ఒక పూటే హద్దు.

ఒక ఆదివారం ఆమెనే వండమని, ఆ గిన్నె గట్టు మీదే ఉంచి రాత్రి చూద్దామని కూడా మీకు అనిపించవచ్చు. మీది నిజమని తేలుతుంది, సందేహం లేదు. కానీ ఆ రాత్రి ఆమె ముఖం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. గెలిచాక కూడా ఒకే ఇంట్లో ఉండాలి. చేయాలనిపిస్తే బాబుతో ఆటలా చేయించండి. ఒక పచ్చి ఆలుగడ్డ, ఒక ఉడికిన ఆలుగడ్డ గట్టు మీద పక్కపక్కన పెట్టి, రోజూ పొద్దున వాడు నాయనమ్మకు చూపించాలి. మూడో రోజుకు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చూశాక ఉడికినదాన్ని పారేసి చేతులు కడిగించండి.

ఉద్యోగం మానేస్తే పప్పు పులవడం ఆగుతుంది, మధ్యాహ్నం మళ్లీ వండుతారు కాబట్టి. ఆ పని ఒక గ్లాసు బియ్యం, ఒక మీట కూడా చేస్తాయి. చేతి మాట మాత్రం అక్కడితో ఆగుతుందని నాకు నమ్మకం లేదు, రేపు చారు గురించి వస్తుంది. ఇంకేదైనా కారణంతో మీకే మానాలనిపిస్తే అది వేరే ఉత్తరం. పులిసిన పప్పు కోసం మాత్రం మానకండి.

దావత్‌లో మళ్లీ ఆ మాట వస్తే, "అవునత్తమ్మా, ఆరింటికి వండుతున్న, తొమ్మిదింటికి తింటున్నం, ఎవరు వండినా నిలవదు" అని మెల్లగా అనండి. అనలేకపోతే పక్కనున్న మీ వారు అనాలి.

బాబుకు మళ్లీ వాంతులైతే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టండి. ఏదీ కడుపులో నిలవకపోయినా, ఒంటేలు తగ్గినా, మగతగా పడుకున్నా, జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మిగతా మాటలన్నీ మీకు వీలైనప్పుడు మాట్లాడుకోవచ్చు. పళ్లెంలో అన్నం పరిచి ఎనిమిదింటిలోపు లోపల పెట్టడం మాత్రం రేపు పొద్దుటి నుంచే మొదలుపెట్టండి.